తెల్లది కాని ఒక పువ్వు

హిల్డా త్రెల్‌ఫాల్ తన జీవితంలో నేల కోసం పోట్లాడింది ఒక్కసారే. ఆ నేల పొడవు పదహారడుగులు, వెడల్పు తొమ్మిది. పోట్లాట మాత్రం మూడు చలికాలాలు సాగింది. నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని రావెన్‌బ్రూక్‌లో పేరుంది కనుక ముందే ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో పువ్వు నిజం, మంచు నిజం, క్లిఫర్డ్ హాల్సాల్ బూటు నిజం. కస్టర్డ్ సంగతి మీరే తేల్చుకోండి.

హిల్డా మా ఊరి బడిలో వంటమనిషి. నూట నలభై మంది పిల్లలకు రోజూ మధ్యాహ్నం వండి పెట్టేది. ఆమె కస్టర్డ్ ఎంత చిక్కగా ఉండేదంటే, తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన అందులో చెంచా నిలబెట్టి, బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చుకుని తిరిగి వచ్చేసరికి కూడా ఆ చెంచా సిపాయిలా నిలబడే ఉంది. ఒక వానాకాలం గుడి కప్పు కారుతుంటే ఫాదర్ మెక్‌హ్యూ ఆమె దగ్గర ఒక గిన్నెడు కస్టర్డ్ అడిగి పట్టుకెళ్ళాడు. నమ్మకపోతే మానేయండి, ఆ మూల ఇప్పటికీ కారదు.

ఆమె తల్లి నేతమిల్లులో పనిచేసేది. నాలుగు వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మనిషి గొంతు వినబడదు. అందుకని మిల్లు ఆడవాళ్ళు చప్పుడు లేకుండా, మూతి బారెడు సాగదీసి, పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. హిల్డాకి ఆ విద్య తల్లిపాలతో వచ్చింది. పక్కింటివాణ్ణి కాబట్టి నాకూ నేర్పింది. ఆదివారం పూజలో ఆమె అయిదో వరసలో కూర్చుని, అవతలి వైపు ఉన్న నాతో ఫాదర్ ప్రసంగం ఎంత సాగిందో, ఇంట్లో పొయ్యి మీద ఏం మాడుతోందో అన్నీ చెప్పేది. ఒక్క అక్షరం బయటికి వినిపించేది కాదు. ఫాదర్ ఆమెను చూసి, "ఎంత భక్తి! పెదవులు ఆగకుండా ప్రార్థిస్తూనే ఉంటుంది" అని మురిసిపోయేవాడు.

పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నూట నలభై మందికి వండి ఇంటికొచ్చాక నూట నలభై ఒకటోవాడికి కూడానా?" అనేది.

మా వరస ఇళ్ళకు పెరళ్ళు లేవు. వెనక తలుపు తీస్తే బొగ్గుల గది, అంతే. హిల్డాకి ఉన్నదల్లా ఫాదర్ ఇంటి గోడ వెనక, బీచ్ అనే రెండు పెద్ద చెట్ల కింద ఉన్న ఆ కాస్త నేల. అక్కడ పగటిపూట కూడా సాయంత్రంలా ఉండేది. అందులో ఒక చెక్క బల్ల. బడి వంటిల్లు కడిగి మూడున్నరకి అక్కడికి చేరి, బూట్లు విప్పి, ఫ్లాస్కులో టీ పోసుకుని అరగంట కూర్చునేది. రోజు మొత్తంలో ఆమె కూర్చునేది ఆ అరగంటే. ఎవరైనా పలకరిస్తే మూతితో, "నేను లేను" అనేది.

ఆ నేలకు అద్దె ఒక పువ్వు. నూరేళ్ళ క్రితం గుడికి భూమి రాసిచ్చిన దొరసాని పెట్టిన షరతు అది. ఫిబ్రవరి రెండున కొవ్వొత్తుల పండుగ నాడు, ఊరేగింపు కొవ్వొత్తులు ఆరిపోయేలోగా, ఆ నేలలో ఆరుబయట పూసిన పువ్వు ఒకటి తెచ్చి గుడి హాలు కార్యదర్శి చేతిలో పెట్టాలి. అది తెల్లది కాకూడదు. ఆ రోజు తెల్లపువ్వులన్నీ మరియమ్మ పీఠానివి. వరసగా మూడేళ్ళు పువ్వు ఇవ్వకపోతే నేల హాలుకు పోతుంది. హిల్డాకి ముందు ఆ నేల చూసుకున్న టన్‌స్టాల్ తాత, వంటింటి కిటికీలో కుండీలో పెంచిన జెరేనియం పువ్వు తెచ్చి ఇచ్చేవాడు. అప్పటి కార్యదర్శికి కళ్ళు సరిగా ఆనేవి కావు. ఏది పెట్టినా, "బాగుంది, బాగుంది" అని పుచ్చుకునేవాడు. హిల్డా కూడా అయిదారేళ్ళు అదే దారిలో నడిచింది.

తరవాత క్లిఫర్డ్ హాల్సాల్ కార్యదర్శి అయ్యాడు. బస్సు డిపోలో ముప్ఫయ్యేళ్ళు సమయాలు రాసిన మనిషి. బస్సు అర నిమిషం ముందొచ్చినా రాసేవాడు, అర నిమిషం ఆలస్యమైనా రాసేవాడు. ఆ నేలకు అవతలి పక్కనే, ఎండ ముఖంగా ఉన్న తోట ఆయనది. అందులో పళ్ళేలంత డాలియాలు పూసేవి. హాలు ముందు కార్లు పెట్టడానికి చోటు లేదని ఆయన బాధ. ఆ నేలలో సరిగ్గా ఒక కారు పడుతుందని కొలిచి చూసుకున్నాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, హిల్డా బూట్లు విప్పి కూర్చున్న వేళకి, కాగితం పట్టుకుని వచ్చాడు. నేను గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాను.

"మిస్ త్రెల్‌ఫాల్, ఈ షరతు చదివారా?"

"మీరు చదివిపెట్టండి హాల్సాల్ గారూ. నా కళ్ళజోడు బడిలో ఉంది."

ఆయన చదివాడు. ఆఖర్న, "కుండీలో పూసింది చెల్లదు. ఈ నేలలో పూయాలి" అన్నాడు.

"ఈ నేలలోనా? చెట్టు కింద, ఫిబ్రవరిలోనా? ఇక్కడ నాచు కూడా చలికి వణుకుతుంది."

"అది మీ ఇబ్బంది. మూడు పండుగలు చూస్తాను. ఆ తరవాత కంకర పోయిస్తాను."

ఆయన వెళ్ళాక హిల్డా నా వైపు తిరిగింది. "విల్ఫ్, నవ్వకు. ఈ బల్ల పోతే నేనెక్కడ కూర్చుంటాను? నీ వంటింట్లోనా?"

ఆ మాటతో నాకూ విషయం ఎంత తీవ్రమైనదో అర్థమైంది.

ముందు చలి చివర పూసే క్రోకస్ గడ్డలు పెట్టింది. వారంలో ఎలుకలు విందు చేసుకున్నాయి. ఆ తరవాత క్లిథరో సంతలో ఒకడు సైక్లమెన్ దుంపలు అమ్ముతుంటే, "నీడలో పూస్తాయా?" అని అడిగింది. పూస్తాయన్నాడు. నిజమే చెప్పాడు. వాటిలో ఒక దుంప రెండు వారాలకే, అంటే అక్టోబరు మొదట్లో, గులాబీరంగు పువ్వులతో విరగబూసింది. హిల్డా వీధంతా పిలిచి చూపించింది. ఆమె అడగనిదీ వాడు చెప్పనిదీ ఏమంటే, సైక్లమెన్‌లో శరత్కాలంలో పూసే రకం వేరు, నడిచలిలో పూసే రకం వేరు. పండుగ నాటికి ఆమె దగ్గర మిగిలింది ఆకులే. అందమైన ఆకులు, వెండి ముగ్గు వేసినట్టున్నవి. వాటిలో పెద్దది కోసి హాలుకు తీసుకెళ్ళింది.

క్లిఫర్డ్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇది ఆకు."

"పువ్వు కన్నా బాగుంది కదా?"

"బస్సు కన్నా రైలు బాగుంటుంది. అయినా బస్సు టికెట్టుతో రైలెక్కనివ్వరు." అని పుస్తకంలో రాసుకున్నాడు: మొదటి ఏడు, లేదు.

మరుసటి వేసవిలో ఆమె ఈ రకాల తేడా తెలిసిన మనిషిని వెతుక్కుంటూ, రెండు బస్సులు మారి, కొండ అవతల మొక్కలు పెంచే ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె చెప్పిందంతా విని, "బీచ్ చెట్ల కిందా? వేసవిలో వేళ్ళు నీళ్ళన్నీ తాగేస్తాయి, నేల పొడిగా ఉంటుంది, అవునా?" అన్నాడు.

"అవును. ఊళ్ళో అంత పనికిమాలిన నేల ఇంకోటి లేదు."

"అమ్మాయ్, ఆ నేల కోసం ఈ మొక్క కన్నీళ్ళు పెట్టుకుంటుంది. దానికి కావలసింది అదే." అని, నడిచలిలో పూసే రకానివి, ఎండిపోయిన పన్నెండు దుంపలు పొట్లం కట్టి ఇచ్చాడు. చూడటానికి మాడిన చిన్న రొట్టెల్లా ఉన్నాయి. అడుగు గుండ్రంగా ఉంది, పైన చిన్న గుంట. "గుంట పైకి ఉండాలి. అంగుళం మట్టి, పైన కుళ్ళిన ఆకులు. ఎండాకాలం నీళ్ళు పోయకు. అంతే. మిగతాది దాని పని."

హిల్డా ఆ మాటలన్నీ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చింది. నాకూ అప్పజెప్పింది. ఆ సాయంత్రమే నాటింది. నేను పక్కనే నిలబడి, నాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్ పెర్పెచువా లాటిన్ కీర్తన పాడితే బీన్స్ తీగ నా కళ్ళముందే కిటికీ దాకా పాకిన వృత్తాంతం చెబుతున్నాను. ఆమె వింటూ నాటుతోంది. ఒక్కో దుంప గోతిలో పెట్టడం, దాని వీపు మీద వేళ్ళతో రెండుసార్లు తట్టడం, మట్టి కప్పడం. ఎందుకు తడుతోందా అని నాకు అనిపించింది. అడగలేదు. కథ రసపట్టులో ఉంది మరి.

ఆ శరత్కాలంలో ఏమీ మొలవలేదు. క్రిస్మస్ వచ్చింది, ఏమీ లేదు. కొత్త సంవత్సరం వచ్చింది, ఏమీ లేదు. హిల్డా బల్ల మీద కూర్చుని టీ తాగకుండా నేలకేసి చూస్తూ ఉండేది. కస్టర్డ్ పల్చబడింది. పిల్లలు ఇంట్లో చెప్పుకున్నారు.

చూస్తూ ఊరుకోలేక నేనొక ఉపాయం చేశాను. కాన్వెంటులో సిస్టర్లు మాకు గుడ్డపూలు చేయడం నేర్పారు. మగపిల్లలం మేం ముగ్గురమే, అయినా వదలలేదు. నా దగ్గర ఎర్ర ఫ్లానెల్ గుడ్డ ఉంది. అయిదు రేకులు కత్తిరించి, వెనక్కి మడిచి, తీగకు చుట్టి, పండుగ పొద్దున్నే హాలుకు వెళ్ళి, అద్దె పువ్వు కోసం హిల్డా పేరు రాసి ఉంచిన గ్లాసులో నీళ్ళు పోసి పెట్టేశాను. దూరం నుంచి చూస్తే నేనే మోసపోయేలా ఉంది.

పూజ అయి అందరూ కొవ్వొత్తులతో హాలులోకి వచ్చారు. హిల్డా ఉత్త చేతులతో వెనక నిలబడింది. క్లిఫర్డ్ గ్లాసు చూసి నిర్ఘాంతపోయాడు. ఫాదర్ మెక్‌హ్యూ ముఖం వెలిగిపోయింది.

"అద్భుతం! ఎంత ఎరుపో! వాసన కూడా ఉంటుందా?" అంటూ ఫాదర్ వంగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

హిల్డా ముందుకు వచ్చి చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ గ్లాసు వైపు చూసింది. అందులో నీళ్ళు మెల్లగా ఎర్రబడుతున్నాయి.

"ఫాదర్, దాన్ని వాసన చూడకండి. అది విల్ఫ్ లోపలి లాగు."

ఫాదర్ ముక్కు అక్కడే ఆగిపోయింది.

"పోయిన వారం నుంచి చూస్తున్నాను. తాడు మీద ఆరేసిన లాగుకి కుడికాలు మీద కిటికీ పడింది. ఎందుకా అనుకున్నాను" అంది హిల్డా.

హాలు హాలంతా నవ్వింది. నాలుగు కొవ్వొత్తులు నవ్వుకే ఆరిపోయాయి. హిల్డా నవ్వలేదు. గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇస్తే నిజం పువ్వే ఇస్తాను విల్ఫ్. లేకపోతే నేల పోనీ. దొంగపువ్వు ఇచ్చి దక్కించుకున్న బల్ల నాకు గుచ్చుకుంటుంది" అంది. మరి టన్‌స్టాల్ తాత జెరేనియం మాటేమిటని అడగబోయాను. ఆమె చూపు చూసి నోరు మూసుకున్నాను.

క్లిఫర్డ్ రాసుకున్నాడు: రెండో ఏడు, లేదు. కింద ఇంకో వాక్యం కూడా: వచ్చే ఏడు పువ్వును నేలలో ఉండగా నా కళ్ళతో చూసి, నా ముందు కోయించాలి.

ఆ మధ్యాహ్నమే హిల్డా వంటింటి పెద్ద గరిటె తీసుకుని వెళ్ళి దుంపలు తవ్వడం మొదలుపెట్టింది, పారేయడానికి. నేను క్షమాపణ చెబుదామని వెనకే వెళ్ళాను. మొదటి దుంప పైకి తీసింది. చూస్తూ ఉండిపోయింది.

"విల్ఫ్, ఇలా రా. ఇది బతికే ఉంది."

దుంప అడుగు నుంచి పాలిపోయిన సన్నని కాడలు దారంలా బయలుదేరి, పక్కనుంచి వంకర తిరిగి, పైకి దారి వెతుక్కుంటున్నాయి. ముందు తలుపు తాళం వేసి ఉంటే పెరటి కిటికీలోంచి దూరే దొంగల్లా.

"అడుగు నుంచి మొలకలేమిటి?" అన్నాను.

హిల్డా దుంపను అరచేతిలో పెట్టుకుని, ఇంకో చేత్తో దాని వీపు మీద రెండుసార్లు తట్టింది. అప్పుడామె ముఖం చూడాలి. ముందు తెల్లబోయింది. తరవాత చెవులదాకా ఎర్రబడింది.

ఇరవయ్యేళ్ళుగా రోజుకు నూట నలభై పుడ్డింగులు. ఒక్కోదాన్నీ అచ్చులోంచి పళ్ళెంలోకి బోర్లించడం, ఊడి రావడానికి వీపు మీద రెండు దెబ్బలు వేయడం. తలకు ముసలాయన మాట గుర్తుంది, కానీ చేతులు ఎప్పటి పని అవి చేసుకుపోయాయి. పన్నెండు దుంపల్నీ గుంట కిందికి పెట్టి చక్కగా వడ్డించింది.

ఇద్దరం బల్ల మీద కూలబడి నవ్వాం. ఆమె నవ్వుకు బీచ్ చెట్టు మీది పావురాలు లేచి పెండిల్ కొండ దాకా పోయాయి. తరవాత పన్నెండింటినీ సరిగా తిప్పి, అంగుళం లోతులో నాటింది. "తట్టకు" అని ప్రతిసారీ గుర్తుచేశాను. ఒక్కోదాని పక్కన గుర్తుకు ఒక పాత చెంచా గుచ్చింది.

మార్చి చివర ఒక్క పువ్వు పూసింది, దాదాపు రెండు నెలలు ఆలస్యంగా. హిల్డా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇప్పుడా రావడం, మహరాణీ?" అని తిట్టింది. మే నెలకల్లా ఆకులు కూడా మాయమయ్యాయి. క్లిఫర్డ్ గోడ పక్కనుంచి వెళుతూ, "చెంచాలు బాగా పెరుగుతున్నాయి మిస్ త్రెల్‌ఫాల్" అన్నాడు.

"మీకు ఫోర్కులు కావాలంటే వచ్చే ఏడు నాటతాను."

పైకి అలా అన్నా, లోపల ఆగలేకపోయేది. జూలై ఎండల్లో రోజూ నీళ్ళడబ్బా పట్టుకుని బయలుదేరేది. నేను ఆ డబ్బా మా అటక మీద దాచేశాను. ఆమె బడి నుంచి బకెట్ తెచ్చింది. దాన్నీ దాచాను. సెప్టెంబరు నాటికి మా అటక మీద రెండు డబ్బాలు, మూడు బకెట్లు, ఒక సూపు గిన్నె చేరాయి.

అక్టోబరులో ఆకులు లేచాయి, నాణేలంత గుండ్రంగా. కొన్ని ఒట్టి పచ్చన, కొన్ని వెండి పూత పూసినట్టు, వెనక్కి తిప్పితే ద్రాక్షసారాయి రంగు. క్రిస్మస్‌కి ఆకుల కింద గోరంత మొగ్గలు కనబడ్డాయి. జనవరి చివరికి రెండు మొగ్గలు రంగు చూపించాయి. హిల్డా కస్టర్డ్ మళ్ళీ సిమెంటులా తయారైంది. పిల్లలు ఇంట్లో చెప్పుకున్నారు.

ఫిబ్రవరి ఒకటిన మంచు మొదలైంది. మర్నాడు, పండుగ పొద్దున, లేచేసరికి నా వంటింటి కిటికీ సగం తెల్లగా ఉంది. నేనైతే గుడి దాకా పై అంతస్తు కిటికీలోంచే నడిచి వెళ్ళానని చెబుతుంటాను. ఈ ఒక్కసారికి నిజం చెబుతున్నాను: అడుగున్నర పడింది. ఫాదర్ ఇంటి వెనక చెంచాలు లేవు, ఆకులు లేవు. దుప్పటి కప్పిన మంచంలా నున్నగా ఉంది.

పూజ అవగానే అందరూ కొవ్వొత్తులతో అక్కడికే వచ్చారు. క్లిఫర్డ్ ముందే వచ్చి, మోకాళ్ళ దాకా ఉన్న డిపో రబ్బరు బూట్లతో మంచు మధ్యలో నిలబడి ఉన్నాడు. గాలి కొవ్వొత్తులతో ఆడుకుంటోంది. అయిదు పోయాయి, పది పోయాయి.

"చూశారుగా, ఏమీ లేదు. నాకూ సంతోషంగా ఏం లేదు. కానీ షరతు షరతే" అన్నాడు.

"కొవ్వొత్తులు ఇంకా ఉన్నాయి" అంది హిల్డా. ఏప్రన్‌లోంచి గరిటె తీసి తవ్వడం మొదలుపెట్టింది. జనం ఊరుకుంటారా? ఒకరు టోపీతో, ఒకరు పాటల పుస్తకం అట్టతో, ఆఖరికి ఫాదర్ కూడా పట్టుచొక్కా మడిచి చేతులతో మంచు తోడారు. మొదటి చెంచా దొరికింది. కింద మొగ్గ ఇంకా గట్టిగా మూసుకునే ఉంది. రెండో చెంచా. ఉడుత తినేసింది. మూడు, నాలుగు, అయిదు... ఆకులు, ఆకులు, ఆకులు. రంగు చూపించిన రెండింటిలో ఒకటి మంచు బరువుకి విరిగి నల్లబడింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. వెలుగుతున్న కొవ్వొత్తి నాదొక్కటే. హిల్డా కూడా చూసింది. అంతమందిలో, చప్పుడు లేకుండా, మూతి చెవుల దాకా సాగదీసి అంది: "ఆరనిచ్చావో, చంపేస్తాను."

నేను టోపీ తీసి కొవ్వొత్తికి అడ్డం పెట్టాను.

పదకొండు చెంచాలు దొరికాయి. హిల్డా లేచి, నడుము పట్టుకుని, లెక్క చూసుకుంది. తరవాత క్లిఫర్డ్ బూట్లకేసి చూసింది.

"హాల్సాల్ గారూ, కాస్త కాలు తీస్తారా?"

"ఎందుకు?"

"నా పన్నెండో చెంచా మీద నిలబడ్డారు."

ఆయన తీయలేదు. ఆయనకు ఎలా తీయాలో తెలియలేదనుకుంటాను, మంచులో దిగబడి ఉన్నాడు. ఫాదర్ ఒక చెయ్యి, కొవ్వొత్తినీ టోపీనీ ఒకే చేతిలో ఇరికించుకుని నేను రెండో చెయ్యి పట్టి లాగాం. క్లిఫర్డ్ వచ్చాడు. ఎడమ బూటు రాలేదు. హిల్డా బూటును ఊడబెరికింది. అడుగున మంచు గట్టిగా అచ్చు పోసినట్టు అయింది, మడమ గుర్తుతో సహా. ఆ అచ్చులో చెంచా వంగి పడుంది. దాని పక్కన, ఇస్త్రీ చేసినట్టు అణగిపోయి, బొటనవేలి గోరంత పువ్వు. ముదురు గులాబీ రంగు, మూతి దగ్గర నల్లని మచ్చ.

కొవ్వొత్తులు ఆరినవాళ్ళంతా వంగి చూశారు.

"చచ్చిపోయింది" అన్నాడు క్లిఫర్డ్, ఒంటికాలి మీద నిలబడి. కానీ గొంతులో గెలిచిన చప్పుడు లేదు.

హిల్డా కాడను మొదట్లో పట్టుకుని, మెలితిప్పి, జాగ్రత్తగా లాగింది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మూడుసార్లు వెచ్చగా ఊదింది. తరవాత క్లిఫర్డ్ చేతి తొడుగు లాగేసి, కాడను ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది. "పట్టుకోండి. మీ చెయ్యి నాకన్నా వేడిగా ఉంటుంది. ఇంతసేపూ తవ్వింది నేనే."

పువ్వు తల వేలాడుతోంది. గాలి నా టోపీ లోపలికి దూరింది. మంట వంగింది. నేను టోపీ దగ్గరికి జరిపాను. కాలిన ఉన్ని వాసన మొదలైంది.

"విల్ఫ్, నీ టోపీ అంటుకుంది!" అన్నాడు ఫాదర్.

"తెలుసు ఫాదర్. అది కూడా వెలుతురేగా!"

ఆ మాటకు ఎవరో నవ్వారు. ఆ నవ్వులోనే క్లిఫర్డ్, "అరె" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. అందరం చూశాం. ఆయన వేళ్ళ మధ్య కాడ బిగిసింది. వంగిన మెడ కొంచెం కొంచెంగా లేచింది. నలిగిన అయిదు రేకులూ, వాటి అలవాటు ప్రకారం, గాలికి ఎదురెళ్ళే గుర్రం చెవుల్లా వెనక్కి తిరిగి నిలబడ్డాయి. తొంభై అయిదు కిలోల బరువున్న మనిషి బూటు కింద పడుకుని లేచిన పువ్వు అది. ఒక రేకు మీద బూటు మడమ గీత కూడా ఉంది.

"ఇంతేనా సైజు?" అన్నాడు క్లిఫర్డ్, కళ్ళు దాని మీంచి తిప్పకుండా.

"కాగితంలో కొలత రాశారా?"

"లేదు."

"తెల్లగా ఉందా?"

"లేదు."

"కొవ్వొత్తి ఆరిందా?"

ఆయన నా వైపు చూశాడు. నా టోపీ నేలమీద మంచులో బుస్సుమంటోంది. కొవ్వొత్తి మాత్రం వెలుగుతోంది. క్లిఫర్డ్ ఒంటికాలి మీదే పుస్తకం తీయించుకుని, ఫాదర్ వీపు మీద పెట్టి రాశాడు: మూడో ఏడు. ఒక పువ్వు. తెల్లది కాదు. అందింది. సమయం, పదకొండు గంటల ఏడు నిమిషాలు.

జనం హిల్డాని ఎత్తుకుందామని చూశారు. "దించండి, వీపు పట్టేస్తుంది" అని అరిచింది. ఆ అరుపు మాత్రం చప్పుడుతోనే. తరవాత అందరం హాలులోకి వెళ్ళి వేడి టీ, వెన్న రాసిన బన్నులు తిన్నాం. క్లిఫర్డ్ ఆ పువ్వును పుస్తకంలో నొక్కిపెట్టాలి, పద్ధతి ప్రకారం. పెట్టలేదు. కోటు బొత్తాం సందులో పెట్టుకుని ఇంటికెళ్ళాడు. నేను చూశాను.

తరవాతి సంగతి పువ్వుల పని. ఆ ఏడు మిగిలిన మొగ్గలన్నీ విచ్చాయి. పూసి రాలాక ఈ సైక్లమెన్ కాడ గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని, విత్తుల కాయను నేలకు దించి, ఆకుల కింద దాచిపెడుతుంది. జూన్‌లో కాయ పగిలితే విత్తనాలకు తియ్యటి జిగురు ఉంటుంది. ఆ జిగురు కోసం చీమలు వాటిని మోసుకుపోతాయి. జిగురు తిని, విత్తనం పారేస్తాయి. ఫాదర్ ఇంటి వెనక చీమలు గోడ కింది నుంచి ఎటు పోతున్నాయో మేమెవరం పట్టించుకోలేదు.

నాలుగేళ్ళ తరవాత, జనవరిలో ఒక మధ్యాహ్నం మూడున్నరకి, క్లిఫర్డ్ మళ్ళీ కాగితంలాంటిది పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. హిల్డా బూట్లు విప్పి ఉంది.

"మిస్ త్రెల్‌ఫాల్, మీ మొక్కలు నా కంచె కిందికి చొరబడ్డాయి."

"చీమల్ని కోర్టుకి లాగండి."

"పద్నాలుగున్నాయి."

"లెక్కపెట్టారా?"

"పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి." ఆయన చేతిలోది తెరిచాడు. అది కాగితం కాదు, చేతిరుమాలు. అందులో ఒక పువ్వుంది. "నా డాలియాలు అక్టోబరుకే కుళ్ళిపోతాయి. ఇవి మంచులో కూడా... పొట్ట మీద పడుకుని చూడాలి కదా, లేకపోతే లోపలి మచ్చ కనబడదు. మే నెలలో ఆకులు పోయినప్పుడు చచ్చాయనుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మీరు చెప్పి ఉండాల్సింది."

"మీరు అడిగి ఉండాల్సింది."

"నేల నాదే. విత్తనం మీది. అందుకని, అద్దె."

హిల్డా రుమాల్లోంచి పువ్వు తీసుకుంది. ముందు వేళ్ళతో తడిమింది. తరవాత ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసింది. లాగు కాదని రూఢి చేసుకుని, నా వైపు ఒకసారి చూసి, బల్ల మీద పక్కకు జరిగింది.

"పండుగ ఇంకా పదిరోజులుంది. ముందే తెచ్చావు" అంది.

"అర నిమిషం ముందొచ్చినా రాసేవాణ్ణి" అన్నాడు క్లిఫర్డ్. కూర్చుని బూట్లు విప్పాడు.

హాలుకు వచ్చేవాళ్ళు ఇప్పటికీ కార్లు వీధిలోనే పెట్టుకుంటారు, తిట్టుకుంటూ. ఆ బల్ల ఇద్దరికి చేసింది. ఫ్లాస్కులో టీ కూడా ఇద్దరికే వస్తుంది. అందుకే నేను రోజూ సరిగ్గా మూడున్నరకి వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్యలో కూర్చుంటాను.